పెన్షన్ అడిగితే ఎక్స్‌గ్రేషియా ఇచ్చారు

మన పేపర్లలో 'ఎక్స్‌గ్రేషియా' అన్న మాట ఎప్పుడు కనిపిస్తుంది? బస్సు లోయలో పడ్డప్పుడు, బాణసంచా గోడౌన్ పేలినప్పుడు. మంత్రిగారు ఆస్పత్రికి వచ్చి, మృతుల కుటుంబాలకి ఇంత, గాయపడ్డవాళ్ళకి ఇంత అని ప్రకటించి వెళ్తారు. తప్పు మాదని ఒప్పుకోకుండా, మీకు హక్కు ఉందని కూడా అనకుండా, దయతలచి ఇచ్చే డబ్బు అన్నమాట. లాటిన్‌లో ఆ మాటకి అర్థం కూడా దాదాపు అదే.

ఐర్లండులో 2021లో ఇదే మాట ఇంకో సందర్భంలో వాడారు. అక్కడ ప్రమాదం ఏమీ జరగలేదు. పదమూడేళ్ళుగా పెన్షన్ అడుగుతున్న సూపర్‌వైజర్లకి ప్రభుత్వం చివరికి ఎక్స్‌గ్రేషియా ఇచ్చి ఫైలు మూసింది. ఈ కథ మనవాళ్ళకి పెద్దగా తెలియదు. కానీ థర్డ్ పార్టీ పేరోల్ మీద ఒక్కసారైనా పనిచేసిన ప్రతి సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకీ తెలియాల్సిన కథ అని నాకనిపించింది. అందుకే ఈ టపా.

నేను కొన్నాళ్ళు డబ్లిన్‌లో ఉన్నాను. డబ్లిన్ అనగానే మనకి గుర్తొచ్చేవి పెద్ద పెద్ద ఐటీ కంపెనీలూ, గుండె గుభేలుమనే ఇంటద్దెలూ, ఎప్పుడూ కురిసే సన్నటి వానా. నేనున్న పేటలో ఒక కమ్యూనిటీ సెంటరు ఉండేది. పిల్లల క్రెష్, ముసలివాళ్ళకి మధ్యాహ్న భోజనం, పక్కనే చిన్న పార్కు. క్రెష్‌లో ఆయాలు, వంటింట్లో మనుషులు, పార్కులో గడ్డి కోసేవాళ్ళు, వీళ్ళలో చాలామంది 'కమ్యూనిటీ ఎంప్లాయ్‌మెంట్' అనే ప్రభుత్వ పథకం కింద పనిచేసేవాళ్ళు. వాళ్ళందరి హాజరూ, శిక్షణా, కాగితాలూ చూసే సూపర్‌వైజర్ ఒకావిడ ఉండేది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఒకసారి మాటల్లో "మీది గవర్నమెంటు ఉద్యోగమేనా?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "అది తేలితే మాకు ఇన్నేళ్ళ గొడవే ఉండేది కాదు" అంది. అదేదో జోకు అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, అది జోకు కాదు, మొత్తం కేసు సారాంశం.

సరే, మొదట్నుంచీ వద్దాం.

1980ల్లో ఐర్లండు పరిస్థితి ఏమంత బాగుండేది కాదు. ఆ దశాబ్దం మధ్యలో నిరుద్యోగం దాదాపు 17 శాతానికి వెళ్ళింది. చదువుకున్న కుర్రాళ్ళు లండన్‌కీ, బోస్టన్‌కీ ఓడలూ విమానాలూ ఎక్కేశారు. మిగిలిపోయినవాళ్ళకి ఏదో ఒక పని చూపించాలని 1985లో 'సోషల్ ఎంప్లాయ్‌మెంట్ స్కీమ్' పెట్టారు. 1994లో దాని స్థానంలో 'కమ్యూనిటీ ఎంప్లాయ్‌మెంట్' వచ్చింది. చాలాకాలంగా పని లేనివాళ్ళకి వారానికి పంతొమ్మిదిన్నర గంటల పని, దాంతోపాటు కొంత శిక్షణ. పని అంటే లాభాలకోసం చేసేది కాదు. క్రెష్‌లు, వృద్ధుల సేవ, మైదానాల నిర్వహణ, ఊరి వారసత్వ కేంద్రాలు, వికలాంగుల సహాయం, ఇలాంటివి. 1990ల చివరికొచ్చేసరికి ఈ పథకంలో దాదాపు 40 వేలమంది ఉండేవాళ్ళు. దేశ జనాభాయే అప్పట్లో నలభై లక్షల లోపు అని గుర్తుపెట్టుకుంటే అదెంత పెద్ద పథకమో అర్థమవుతుంది.

ఇప్పుడు దీని ఆర్కిటెక్చర్ చూడండి. మన భాషలో చెప్తే మూడు లేయర్లు.

పైన ప్రభుత్వం. డబ్బంతా దానిదే. మధ్యలో 'ఫాస్' అనే సంస్థ. 1988లో ఏర్పడిన జాతీయ శిక్షణ, ఉపాధి సంస్థ అది. పథకం నిబంధనలు, గ్రాంట్లు, తనిఖీలు దాని చేతుల్లో ఉండేవి. కింద 'స్పాన్సర్లు'. అంటే ఊళ్ళో ఉండే స్వచ్ఛంద సంఘం, చర్చి కమిటీ, క్రీడా క్లబ్బు, ఇలాంటివి. సూపర్‌వైజర్‌కి అపాయింట్‌మెంట్ కాగితం ఇచ్చేది ఈ స్పాన్సరు. కానీ ఆ జీతం ఎంత ఉండాలో నిర్ణయించేదీ, ఆ డబ్బు పంపేదీ, ఏ ఫారం ఎలా నింపాలో చెప్పేదీ పైవాళ్ళు. స్పాన్సరు కమిటీలో ఉండేది ఎవరు? రిటైరైన టీచరు, ఒక షాపు యజమాని, ఒక ఫాదరు. వాళ్ళెవరికీ జీతం లేదు. వాళ్ళ దగ్గర సొంత డబ్బు కూడా లేదు.

పథకంలో చేరినవాళ్ళు ఒకట్రెండేళ్ళలో, కొందరు ఇంకొంత ఎక్కువకాలం ఉండి వెళ్ళిపోతారు. అది వాళ్ళకి తాత్కాలికమే. కానీ సూపర్‌వైజరు? ఈ బ్యాచ్ పోతే ఇంకో బ్యాచ్, అది పోతే మరోటి. పథకం తాత్కాలికం, గ్రాంటు ఏటేటా రెన్యూ అవుతుంది, మనిషి మాత్రం పాతికేళ్ళు అక్కడే. పూర్తికాలం ఉద్యోగం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. తాత్కాలికం అనుకుని కట్టిన వ్యవస్థలో శాశ్వతంగా ఉండిపోయిన మనుషులు. మన ప్రాజెక్టుల్లో "రెండు నెలలు వాడి పారేద్దాం" అని రాసిన స్క్రిప్టు పదేళ్ళ తర్వాత కూడా ప్రొడక్షన్‌లో నడుస్తూ ఉంటుంది చూడండి, అలాగ. దానికి డాక్యుమెంటేషన్ ఉండదు, ఓనర్ ఉండడు, కానీ అది ఆగితే అందరూ లేచి పరిగెడతారు.

వీళ్ళు అడిగింది ఏమిటో స్పష్టంగా చెప్పాలి. ఐర్లండులో జీతంలోంచి సోషల్ ఇన్స్యూరెన్స్ కట్టినవాళ్ళకి ముసలితనంలో ప్రభుత్వ పెన్షన్ ఒకటి వస్తుంది. అది వీళ్ళకీ ఉంది. గొడవ దాని గురించి కాదు. దాని మీద యజమాని వైపునుంచి వచ్చే ఉద్యోగ పెన్షన్ గురించి. ఫాస్ ఆఫీసులో కూర్చుని ఈ సూపర్‌వైజర్ల ఫైళ్ళు చూసే ఉద్యోగికి అలాంటి పెన్షన్ ఉంది. ఆ ఫైల్లో ఉన్న సూపర్‌వైజర్‌కి లేదు. ప్రైవేటులో చేసేవాళ్ళకి యజమాని ఒక పెన్షన్ ఖాతా తెరిచే అవకాశం చూపించాలని 2003 నుంచి అక్కడ చట్టం ఉంది కానీ, అందులో యజమాని పైసా వెయ్యాలన్న బలవంతం మాత్రం లేదు. వెయ్యమంటే మాత్రం స్పాన్సరు ఎక్కడ్నుంచి తెస్తాడు పాపం?

యూనియన్లు రెండు, సిప్టు, ఇంపాక్ట్, ఈ విషయాన్ని లేబర్ కోర్టుకి తీసుకెళ్ళాయి. అక్కడి లేబర్ కోర్టు 1946లో ఏర్పడింది. పేరు కోర్టే కానీ, ఇలాంటి వివాదాల్లో అది మామూలుగా ఇచ్చేది తీర్పు కాదు, సిఫార్సు. 2008 జులైలో ఆ సిఫార్సు వచ్చింది. సూపర్‌వైజర్లకీ, అసిస్టెంట్ సూపర్‌వైజర్లకీ ఒక పెన్షన్ పథకం పెట్టాలి, దానికి కావలసిన డబ్బు ఫాస్ సమకూర్చాలి అని. అంటే కాగితం మీద యజమాని ఎవరైనా, డబ్బు ఎవరి దగ్గరుందో వాళ్ళే ఇవ్వాలి అని లేబర్ కోర్టు నేరుగానే చెప్పినట్టు.

సూపర్‌వైజర్లు గెలిచాం అనుకున్నారు. రెండు నెలలు గడిచాయో లేదో, 2008 సెప్టెంబరు ఆఖర్లో ఐర్లండు బ్యాంకులు కూలే దశకొచ్చాయి. ఒక్క రాత్రిలో ప్రభుత్వం ఆ బ్యాంకుల అప్పులకి గ్యారంటీ ఇచ్చింది. 2010 నవంబరు కల్లా దేశమే యూరోపియన్ యూనియన్ ముందూ, ఐఎంఎఫ్ ముందూ చెయ్యి చాపాల్సొచ్చింది. 8,500 కోట్ల యూరోల ప్యాకేజీ. ప్రభుత్వోద్యోగుల జీతాలే కోసేస్తున్న రోజుల్లో ఈ కొత్త పెన్షన్ ఎవరు పట్టించుకుంటారు?

ఇక్కడో పిడకల వేట. అదే 2008 నవంబరులో విదేశీ ప్రయాణాల ఖర్చుల గొడవలో ఫాస్ డైరెక్టర్ జనరల్ రాజీనామా చేశారు. వెళ్ళేటప్పుడు ఆయనకి పెన్షన్ ప్యాకేజీ పెంచి ఇచ్చారని 2009లో పెద్ద రభస అయింది. ఒకే సంస్థ, ఒకే కాలం. ఒక పెన్షన్‌కి డబ్బు దొరికింది, ఇంకోదానికి దొరకలేదు. నేను దీనిమీద ఇంకేమీ అనను.

ఆ తర్వాత ఫాస్ కూడా పోయింది. 2012 మొదట్లో కమ్యూనిటీ ఎంప్లాయ్‌మెంట్ బాధ్యత సామాజిక భద్రతా శాఖకి మారింది, 2013లో ఫాస్‌ని పూర్తిగా రద్దు చేశారు. డబ్బు ఇవ్వమని లేబర్ కోర్టు ఏ సంస్థ పేరు రాసిందో ఆ సంస్థే లేదిప్పుడు! 2012 బడ్జెట్లో అయితే పథకంలో ఒక్కో మనిషికి సామగ్రికీ శిక్షణకీ ఇచ్చే గ్రాంటుని 1,500 యూరోల నుంచి 500కి కోశారు. సూపర్‌వైజర్లు పెన్షన్ సంగతి పక్కనపెట్టి తమ కేంద్రాలని నిలబెట్టుకోవడానికి పరిగెత్తాల్సొచ్చింది.

దేశం కోలుకుంది. 2015 నుంచి ప్రభుత్వోద్యోగులకి కోసిన జీతాలు మెల్లమెల్లగా తిరిగిచ్చారు. సూపర్‌వైజర్లు ప్రభుత్వోద్యోగులు కాదు కాబట్టి ఆ ఒప్పందాల్లో వాళ్ళ పేరు లేదు. 2008 తర్వాత మాకు జీతం పెరగలేదు మొర్రో అని వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. పొదుపు చేసేటప్పుడు వాళ్ళు ప్రభుత్వ ఖర్చు. పంచేటప్పుడు ప్రైవేటు మనుషులు.

2015లో ప్రభుత్వం ఈ విషయాన్ని చర్చించడానికి ఒక ఉన్నతస్థాయి ఫోరాన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. 2017లో ఖర్చు లెక్కలు తీశారు. ఆ లెక్క ఎలా ఉందంటే, వీళ్ళకి ఇస్తే స్వచ్ఛంద రంగంలో ప్రభుత్వ గ్రాంటు మీద బతికే మిగతావాళ్ళందరూ అడుగుతారు, వాళ్ళకీ ఇస్తే ఏటా 18.8 కోట్ల యూరోల నుంచి 34.7 కోట్ల దాకా అవుతుంది, అది కాక ఒకేసారి ఇవ్వాల్సింది 31.8 కోట్ల దాకా ఉంటుంది అని. మంత్రులు ఎవరొచ్చినా పార్లమెంటులో చెప్పే జవాబు కూడా ఒకటే. ప్రభుత్వం వీళ్ళ యజమాని కాదు, వీళ్ళు స్వచ్ఛంద రంగంలోని ప్రైవేటు సంస్థల ఉద్యోగులు అని.

ప్రభుత్వం వాదనని నేను మరీ తీసిపారెయ్యను. పన్నెండు వందలమంది అడిగిన దాని వెనక కొన్ని వేలమంది క్యూలో ఉన్నారన్నది నిజమే. ఖజానా చూసేవాడికి ఆ భయం ఉండాలి కూడా. కానీ ఆ వాదనని తిరగేసి చూడండి. "మేము ఇలాగే పెన్షన్ లేకుండా చాలామందిచేత పని చేయిస్తున్నాం, కాబట్టి మీకొక్కరికీ ఇవ్వలేం" అనేగా దాని అర్థం? అన్యాయం ఎంత పెద్దదైతే అంత సురక్షితం అన్నమాట.

2019 ఫిబ్రవరిలో సూపర్‌వైజర్లు సమ్మెకి దిగారు. అప్పటికి ఇంపాక్ట్ ఇంకో రెండు యూనియన్లతో కలిసి 2018లో 'ఫోర్సా' అయింది. సిప్టు, ఫోర్సా కలిసి నడిపించాయి. పన్నెండు వందలమందికి పైగా. ఈ సమ్మెలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, వీళ్ళు పని ఆపితే మంత్రిగారికి కాఫీ ఆగదు. ముసలాయనకి భోజనం ఆగుతుంది, తల్లికి క్రెష్ ఆగుతుంది. ఎవరికోసం పనిచేస్తున్నారో వాళ్ళనే ఇబ్బంది పెట్టాలి, ఎవరి మీద కోపమో వాళ్ళకి తగలదు. అందుకే ఇలాంటివాళ్ళు పదేళ్ళకోసారి కూడా సమ్మె చెయ్యలేరు.

చివరికి 2021లో సామాజిక భద్రతా మంత్రి హెదర్ హంఫ్రీస్, ప్రభుత్వ వ్యయ మంత్రి మైకేల్ మెక్‌గ్రాత్ హయాంలో పరిష్కారం వచ్చింది. 66 ఏళ్ళ పెన్షన్ వయసుకి చేరిన సూపర్‌వైజర్లకీ అసిస్టెంట్లకీ ఒకేసారి కొంత మొత్తం. సుమారు 2,500 మందికి లాభం, మొత్తం ఖర్చు 2.4 కోట్ల యూరోల పైచిలుకు. భాగించి చూస్తే సగటున తలకి పదివేల యూరోలు కూడా పూర్తిగా లేవు. డబ్లిన్‌లో ఓ మాదిరి ఇంటికి నాలుగైదు నెలల అద్దె. దానికి పెట్టిన పేరే ఎక్స్‌గ్రేషియా. పెన్షన్ అంటే హక్కు ఒప్పుకున్నట్టు, యజమాని అని ఒప్పుకున్నట్టు. ఎక్స్‌గ్రేషియా అంటే ఏదీ ఒప్పుకోనట్టు. సిఫార్సు వచ్చిన రోజున యాభైమూడేళ్ళున్న మనిషికి ఇది వచ్చేసరికి అరవైఆరు నిండాయి. మధ్యలో పోయినవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇదంతా చదువుతుంటే నాకు గుర్తొచ్చింది మన రంగంలోదే ఒక కేసు. మైక్రోసాఫ్ట్ 'పర్మాటెంప్స్' కేసు. 1980ల చివర్లో ఆ కంపెనీ చాలామందిని ఫ్రీలాన్సర్లుగా పెట్టుకుని, మామూలు ఉద్యోగులతో కలిపి అవే టీముల్లో, అదే పని చేయించింది. వీళ్ళు ఉద్యోగులే అని 1990లో అమెరికా పన్నుల శాఖ తేల్చింది. దాంతో కంపెనీ చాలామందిని టెంప్ ఏజెన్సీల పేరోల్ మీదకి మార్చింది. 1992లో వాళ్ళు దావా వేశారు. కాంట్రాక్టు కాగితం మీద ఏం రాసుకున్నా, పని మీద అజమాయిషీ ఎవరిదో చూడాలి అన్నదే కేసుకి కీలకం. 1997లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన చెప్పింది. 2000 డిసెంబరులో 9.7 కోట్ల డాలర్లకి రాజీ అయింది. చూశారా, రెండు కేసుల్లోనూ ప్రశ్న ఒకటే. యజమాని ఎవరు? అక్కడ జవాబు చెప్పింది కట్టుబడి తీరాల్సిన కోర్టు. ఇక్కడ చెప్పింది సిఫార్సు చేసే కోర్టు. తేడా అంతా అక్కడే వచ్చింది.

ఇంకా దగ్గరికి రమ్మంటే, మన ఉపాధి హామీ పథకం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఊళ్ళో కూలీలని పోగుచేసి, మస్టర్ రాసి, పని చూపించిన ఫీల్డ్ అసిస్టెంట్లు గుర్తున్నారా? పేరుకి గౌరవ వేతనంలాంటి జీతం, ఏటేటా కాంట్రాక్టు. 2020లో తెలంగాణలో, చేయించిన పనిదినాలని బట్టి తమకి గ్రేడులిచ్చే సర్క్యులర్‌కి వ్యతిరేకంగా సమ్మె చేస్తే, ఏడువేలమందికి పైగా ఒక్కసారిగా ఇంటికి పంపేశారు. 2022లో మళ్ళీ తీసుకున్నారు. ఐర్లండు సూపర్‌వైజర్లు పెన్షన్‌కోసం పదమూడేళ్ళు పోరాడారు. మనవాళ్ళు ఉన్న ఉద్యోగం తిరిగి రావడంకోసం రెండేళ్ళు తిరిగారు. ధనిక దేశానికీ మనకీ తేడా ఆ మెట్టులోనే కానీ, మెట్లదారి ఒకటే. పేదవాడికి పని ఇచ్చే పథకానికి చట్టం ఉంటుంది, బడ్జెట్ ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. ఆ పనిని రోజూ నడిపే మనిషికి మాత్రం ఏడాది కాగితం.

నాకు అర్థమైంది ఇంతే. డబ్బు ఒకరు, ఆజ్ఞ ఒకరు, అపాయింట్‌మెంట్ లెటరు ఇంకొకరు ఇచ్చే చోట, పని బాగా జరుగుతుంది, ఎవరికీ ఇబ్బంది కనపడదు. ఎవరైనా ముసలివాళ్ళయినప్పుడే ఆ మూడింటి మధ్య ఖాళీ బయటపడుతుంది. ఆ ఖాళీలో పడేది ఎప్పుడూ మనిషే, సంస్థ కాదు. ఐర్లండులో యజమానీ ఉద్యోగీ ఇద్దరూ డబ్బు వేసే ఆటోమేటిక్ పెన్షన్ పొదుపు చట్టం 2024లో వచ్చి, 2026 జనవరిలో అమలు మొదలైంది. మంచిదే. ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేరే కుర్రాడికి ఆ గొడవ కొంతైనా తగ్గుతుంది. 1994లో చేరినవాళ్ళకి మాత్రం అది పెద్దగా పనికిరాదు.

మన సంగతికొస్తే, క్లయింటు బిల్డింగులో, క్లయింటు బ్యాడ్జి మెడలో వేసుకుని, వెండర్ పేస్లిప్పు మీద బతుకుతున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ముప్ఫైల్లో ఉన్నప్పుడు ఇది ఎవరికీ పట్టదు. నాకూ పట్టలేదు. ఈ నెల పేస్లిప్పు వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, పీఎఫ్ వరసలో యజమాని పేరు ఏముందో, ఎంత జమ అయిందో, అసలు జమ అయిందో లేదో చూసుకోండి. ఆ పేరుగల కంపెనీ మీకు అరవై ఏళ్ళొచ్చేసరికి ఉంటుందా అని కూడా ఓసారి అనుకోండి. ఫాస్ లేదుగా మరి.

డబ్లిన్ వదిలి వచ్చేముందు ఆ సెంటరుకి వెళ్ళాను. ఆవిడ కొత్త బ్యాచ్‌కి ఫారాలు నింపించే హడావిడిలో ఉంది. ఒక కుర్రాడు పెన్ను పట్టుకుని "యజమాని పేరు అన్నచోట ఏం రాయాలి?" అని అడిగాడు. ఆవిడ తల ఎత్తకుండా స్పాన్సరు సంఘం పేరు చెప్పింది. వాడు రాసుకున్నాడు.